పదకొండో చెక్క

"పడకగది గుమ్మం ముందు నేలచెక్క కిర్రుమనడం లేదు," అంది గుడ్రున్. ఊలు మేజోళ్ళతో దానిమీద నాలుగుసార్లు అటూ ఇటూ నడిచి మరీ చెప్పింది.

మోకాళ్ళమీద ఉన్న వడ్రంగి అస్ముండ్ తలెత్తాడు. "పదకొండోదా? ఇంక అనదమ్మా. కింద కుళ్ళిన దూలం మార్చాను. వదులుగా ఉన్నచోట చీల కొట్టి బిగించాను."

"ఉన్నవి ఉన్నట్టు వెయ్యమన్నాను."

"ఉన్నట్టే వేశాను. ప్రతి చెక్క వెనకా సుద్దతో అంకె వేసుకుని, వరస తప్పకుండా. తొంభై ఏళ్ళనాటి పైన్ చెక్కలు. ఇంకొకడి చేతిలో పడితే సగం పొయ్యిలోకి పోయేవి."

"చప్పుడు కూడా ఉండాలి."

ముప్పయ్యేళ్ళుగా ఈ తీరంలో జనం ఆ చప్పుడు చంపమనే అతన్ని పిలుస్తున్నారు. బతికించమన్న మనిషి ఈవిడొక్కతే.

కిటికీ పక్క కుర్చీలోంచి ఆవిడ మొగుడు హల్వార్ నవ్వాడు. "ఆవిడతో పెట్టుకోకు నాయనా. పొద్దుట్నించీ ఒకటే నస. అలిసిపోయావు, కాఫీ తాగుతావా?"

అలా అడగడం అది నాలుగోసారి. ఈ ఇంట్లో మర్యాద తెలిసినవాడు ఒక్కడైనా ఉన్నాడనుకున్నాడు అస్ముండ్.

"పదకొండోది కదపాలంటే గోడ దగ్గర్నుంచి పదీ లేపాలమ్మా," అన్నాడు. "ఒకదాని అంచు ఇంకొకదాని గాడిలో ఉంటుంది. మాటిమాటికీ లేపితే అంచులు విరుగుతాయి. నా మోకాళ్ళు ఎప్పుడో విరిగాయి. నాలుగున్నర ఫెర్రీ పడవ పోయిందంటే మళ్ళీ రేపే."

"ఇక్కడే పడుకో. పక్క వేస్తాను. కానీ ఇవాళే కిర్రుమనాలి."

"ఎందుకో చెప్పండి. లేపుతాను."

గుడ్రున్ కళ్ళు నిద్రలేక ఎర్రగా ఉన్నాయి. ఒక్కసారి హల్వార్ వైపు చూసింది. "ఇక్కడ చెప్పలేను," అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

చాదస్తం, అనుకున్నాడు అస్ముండ్. కమ్మీ, సుత్తి పెట్టెలో పడేశాడు. బయట మంచు మొదలైంది. ఇప్పుడు బయల్దేరితే ఫెర్రీ దొరుకుతుంది.

పెట్టె మూస్తుంటే పక్కన ఎవరో నిలబడ్డట్టు అనిపించి ఉలిక్కిపడ్డాడు. హల్వార్. ఎప్పుడు లేచాడో, ఎప్పుడు పడకగదిలోకి వెళ్ళి వచ్చాడో, అడుగు చప్పుడే లేదు. ఒంటిమీద కోటు, చేతిలో బూట్లు.

వంగి, అస్ముండ్ చెవిలో గుసగుసగా అన్నాడు. "భలే పని చేశావు నాయనా. వంటింట్లో ఆవిడెవరో గానీ, రోజూ రాత్రి నేను గుమ్మం దాటగానే లేచొచ్చి పట్టేసుకుంటోంది. ఇంక పట్టుకోలేదు. అవతల రేవులో నా పెళ్ళాం గుడ్రున్ నాకోసం చూస్తుంటుంది."