ఘాటు రాని మిరపకాయలు

“మళ్ళీ మొదలెట్టావు. దాచమాక,” అంటూ ధనమ్మ మొగుడి తువ్వాలు వాసన చూసి విసిరికొట్టింది.

చెంచయ్యకు ఒళ్ళు మండింది. బీడీ మానేసి ఐదు నెలలు. అన్నం తిన్న ప్రతిసారీ నోరు పీకుతూనే ఉంది. సోంపు నమిలి నమిలి దవడలు నొప్పి పుడుతున్నాయి. అయినా ఈ నిందేంది?

“పిల్ల మీద ఒట్టు, తాగలా!”

“అయితే తువ్వాలు తాగిందా?”

“వాడికి దిష్టి తగిలిందిలేవే,” అంది అతని తల్లి. గుప్పెడు ఎండుమిరపకాయలు కొడుకు చుట్టూ తిప్పి నీళ్ళ పొయ్యిలో వేసింది. ఘాటు రాకపోతే దిష్టి ఉన్నట్టే. మిరపకాయలు చిటపటలాడి నల్లబడ్డాయి. ఇంట్లో ఎవరికీ దగ్గు రాలేదు. కూతురు లిఖిత కనీసం తుమ్మలేదు.

చీకట్లో, దొడ్డి వైపు నుంచి ఎవరో దగ్గారు. కఫం గరగరలాడుతూ, ఆగి ఆగి వచ్చే దగ్గు. ఐదు నెలల కిందటి చెంచయ్య దగ్గు. దాని వెనకే బీడీ వాసన గుప్పుమంది. చెంచయ్య నోట్లో నీళ్ళూరాయి.

ధనమ్మ మొగుడి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

అతను మెల్లగా విడిపించుకున్నాడు. “వాడు హాయిగా తాగతా ఉంటే నింద నాకా?” అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి అందరికీ చెప్పాడు. “ఈ రాత్రికి నేను దొడ్లోనే పడుకుంటా. మీరు లోపల గడియ పెట్టుకోండి. తెల్లారేదాకా ఎవరు పిలిచినా తియ్యమాకండి. నా గొంతైనా సరే.”