అక్క అడిగిన మర్యాద

పక్క లేన్‌లో మళ్ళీ ఈలలు మొదలయ్యాయి.

శివకాశి అచ్చాఫీసు కుర్రాళ్ళు. సెలవు దొరికిందని విరుదునగర్ బైపాస్ మీది ఈ బౌలింగ్ హాలుకు వచ్చిపడ్డారు. పోటీకి ఇచ్చింది రెండు లేన్లే, మిగతావి మామూలు జనానికి వదిలేశారు. వచ్చినవాళ్ళు తమ బంతి తాము విసురుకుంటే ఎవరికీ బాధ లేదు. కార్తిక బంతి పట్టుకుని, విసిరేచోట గీసిన గీత వైపు నడుస్తుంటే, సరిగ్గా అప్పుడే వాళ్ళలో ఒకడు ఆమె పక్కనే గీత దాకా ఉరికాడు. మిగతావాళ్ళు బల్లలు చరిచారు.

కార్తిక తల కూడా తిప్పలేదు. బంతి తిన్నగా వెళ్ళి పది పిన్నుల్నీ ఊడ్చేసింది.

వెనక బెంచీ మీదున్న సుధాలక్ష్మికి ప్రాణం ఉసూరుమంది.

ఈ చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ కలిపి చెన్నై పోటీకి వెళ్ళేది ఒక్కరే. పొద్దుటి నుంచి ఒక్కొక్కరే రాలిపోగా చివరికి మిగిలింది కోవిల్‌పట్టి అక్కచెల్లెళ్ళు. సుధాలక్ష్మి, ఆమె చిన్నాన్న కూతురు కార్తిక. చెల్లికి ఇంకా కాలేజీ చదువుంది, ముందు బోలెడు పోటీలున్నాయి. అక్కకు లేవు. బయల్దేరేటప్పుడు నాన్న దామోదరసామి చెప్పనే చెప్పాడు.

"ఈ తూరి నీ పేరు రాలేదంటే ఆట చాలు తల్లీ. షెడ్డులో మరమగ్గాలు చూసుకో."

కోపంగా అని ఉంటే ఎదురు చెప్పేది. ఆయన మెల్లగా అన్నాడు. ఇక ఆ మాటకు తిరుగులేదు.

కార్తికకు ఆట నేర్పింది సుధాలక్ష్మే. కుడివైపు లేనువాళ్ళను ముందు ఆడనివ్వాలని, పక్కవాళ్ళు గీత దగ్గరుంటే మనం అడుగు పెట్టకూడదని, వాళ్ళు విసిరేదాకా నోరు మెదపకూడదని అన్నీ కూర్చోబెట్టి చెప్పింది. ఇప్పుడు ఆ పిల్లే ఏకై వచ్చి మేకై కూర్చుంది. పోనీ కోపం తెచ్చుకుందామా అంటే, చంకనేసుకుని తిప్పిన పిల్లాయె. పొద్దున కూడా బస్సులో పాటలు చెవులకు చిల్లులు పొడుస్తుంటే అక్క భుజం మీద తల పెట్టి గాఢంగా నిద్రపోయింది. సాత్తూరు స్టాండులో డ్రైవరు పాటలూ ఇంజనూ ఆపాక ఉలిక్కిపడి లేచింది.

"ఊరొచ్చెనా అక్కా?"

"ఇంకా లేదు. పండుకో" అని తల నిమిరింది సుధాలక్ష్మి.

ఇప్పుడు సుధాలక్ష్మి ఆట అయిపోయింది. కార్తికకు రెండు బంతుల ఆఖరి వంతు మిగిలింది. ఎనిమిది పిన్నులు పడగొడితే అక్కను దాటిపోతుంది. పొద్దుటి నుంచి ఆమె ఎనిమిదికి తక్కువ కొట్టింది లేదు.

మళ్ళీ ఈల. ఆ గోలను ఇంక భరించడం సుధాలక్ష్మి వల్ల కాలేదు. విసురుగా లేచి మేనేజరు సోలైమలై దగ్గరికి వెళ్ళింది.

"ఇదేం పద్ధతన్నా? ఆడేవాళ్ళు గీత దగ్గరుంటే పక్కవాళ్ళు నోరు మూసుకోవాలని గోడ మీద రాసిపెట్టింది మీరే కదా?" అంది తమిళంలో.

ఆయన కుర్రాళ్ళ వైపు చూశాడు. "నువ్వాడేటప్పుడూ ఇదే గోలమ్మా. అప్పుడొక్క మాట అనలేదే?"

"నా సంగతి వదిలేయండి. ఇది నా చెల్లి ఆఖరి వంతు."

సోలైమలై మొహం మెత్తబడింది. వెళ్ళి కుర్రాళ్ళను నాలుగు చీవాట్లు పెట్టాడు. పాపం, వాళ్ళూ చెడ్డవాళ్ళు కారు. "సారీ అక్కా" అంటూ బుద్ధిగా కూర్చున్నారు. సుధాలక్ష్మి అంతటితో ఊరుకోలేదు. స్పీకర్లలో పాటలు ఆపించింది. మూలనున్న జ్యూసు మిషను కూడా ఆపించింది.

కార్తిక వెనక్కి తిరిగింది. "ఏందక్కా ఇది? వాండ్లు అరిస్తే అరవనీ. నాకేమీ లేదు."

"గమ్మునుండమ్మీ. మర్యాదంటే మర్యాదే. నువ్వాడు." సుధాలక్ష్మి వెళ్ళి బెంచీ మీద కూర్చుంది.

హాలంతా సద్దుమణిగింది. ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు. పిన్నులు నిలబెట్టే మిషను తన పని ముగించి ఆగిపోయింది.

కార్తిక బంతి తీసుకుంది. నడవబోయి ఆగింది. అరచేయి ప్యాంటుకు తుడుచుకుంది. అక్క వైపు చూసి నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. మళ్ళీ నడిచింది. గీత దగ్గర అడుగు తడబడింది. బంతి సగం దూరం వెళ్ళి లేను అంచునున్న కాలవలోకి జారిపోయింది, ఒక్క పిన్నూ పడలేదు.

రెండో బంతికి నాలుగే పడ్డాయి.

ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. శివకాశి కుర్రాళ్ళు అందరికంటే గట్టిగా కొట్టారు. సోలైమలై కళ్ళు తుడుచుకున్నంత పని చేశాడు.

"తాను ఓడిపోయినా సరేనని చెల్లి కోసం పోట్లాడిన అక్కను ఈ హాల్లో ఇప్పుడే చూస్తున్నా" అన్నాడు అందరికీ వినబడేలా.

కార్తిక వచ్చి సుధాలక్ష్మిని వాటేసుకుంది. "నాకోసరం అంతమందితో పోట్లాడితివే అక్కా. నేనే చెడగొట్టుకుంటిని. ఎందుకో అడుగు తప్పె."

సుధాలక్ష్మి ఆ పిల్ల వీపు నిమిరింది. కళ్ళలోకి మాత్రం చూడలేకపోయింది.

కోవిల్‌పట్టిలో కరెంటు పోయి షెడ్డులో మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయిన ప్రతిసారీ, ఉయ్యాలలో ఉలిక్కిపడి గుక్కపట్టి ఏడ్చే కార్తికను ఒళ్ళో వేసుకుని, పళ్ళెం మీద గరిటెతో టకాటకా వాయించి మళ్ళీ నిద్రపుచ్చింది ఈ సుధాలక్ష్మే.