చొక్కా పట్టుకున్న పేము

చిరిగిన చొక్కాతో ఇంటికొచ్చిన రోజే ఆయన అబద్ధాలు మొదలయ్యాయి.

"ఏంటండీ ఆ అవతారం?" అంది భార్య. మోకాళ్ళ ఆపరేషనై ఆవిడ ఇంట్లోనే ఉంటోంది. ఆర్నెల్లు మెట్లెక్కొద్దన్నారు డాక్టర్లు.

"జీపు తలుపుకి తగులుకుంది," అన్నాడు.

నిజానికి తగులుకున్నది పేము తీగ. కుర్చీలు అల్లుతారే, ఆ పేమే. కొబ్బరికీ తాటికీ దగ్గరి చుట్టం, కాకపోతే సొంతంగా నిలబడటం చేతకాదు. కొరడా లాంటి పొడవాటి కొసలతో, వాటి నిండా ఉన్న కొక్కేల ముళ్ళతో పక్క చెట్టును పట్టుకుని పాకేస్తుంది. కొండ మీది వాన అడవిలో ఆ వేళ చెట్టుకు బదులు ఆయన చొక్కా దొరికింది. విడిపించుకుంటూ చూశాడు కదా, ముళ్ళు మూడేసి గుత్తులుగా ఉన్నాయి, వాటి మొదళ్ళలో తుప్పురంగు నూగు. ఇలాంటిది ఎప్పుడూ చూడలేదు! ముప్పయ్యేళ్ళుగా ఆ కొండలెక్కుతున్న మనిషి మరి. ఎప్పుడూ ఇద్దరూ కలిసే ఎక్కేవాళ్ళు. ఈసారే ఆవిడ రాలేకపోయింది.

తీగను ముక్కలు చేసి, ఎండబెట్టి, తిన్నగా మొక్కల పరిశోధన సంస్థలోని హెర్బేరియానికి మోసుకెళ్ళాడు. ఎండు మొక్కల్ని అట్టలకతికించి బీరువాల్లో దాచే చోటు అది. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. ఆవిడ అక్కడికి వచ్చే ప్రమాదం లేదని ఆయన ధైర్యం.

అతికించే పని చేసే ఉద్యోగిని అందరూ జిగురు బాబాయి అంటారు. ఇద్దరూ కలిసి మూడు రోజులు బీరువాలన్నీ తిరగేశారు. ఎక్కడా దీని జోడీ లేదు.

"బావగారూ, సందేహం లేదు. ఇది కొత్త జాతే," అన్నాడు జిగురు బాబాయి.

"అయితే దీనికి మీ అక్కయ్య పేరు."

"ఒళ్ళంతా ముళ్ళున్నదానికి అక్కయ్యగారి పేరా? మీకు ఇంట్లో అన్నం పుట్టాలని లేదా?"

"పట్టుకుంటే వదలదు, ఎంత ఎత్తైనా ఎక్కుతుంది. ఇంకెవరి పేరు పెట్టమంటావయ్యా?"

ఆయన బాధ ఆయనది. ఆ ఇంటి భోజనాల బల్ల మీంచి ఇరవై రెండు కొత్త మొక్కలు పేర్లు పెట్టించుకుని లోకంలోకి వెళ్ళాయి. ఒకదానికి డైరెక్టరు పేరు. ఒకదానికి జీపు డ్రైవరు పేరు. ఆఖరికి జిగురు బాబాయి పేరు మీద కూడా ఓ బురద గడ్డి ఉంది. ఆవిడ పేరు మాత్రం ఒక్కదానికీ లేదు. ఏనాడూ ఆవిడ నోరు తెరిచి అడగలేదు. అడగలేదనే ఆయనకి ఎక్కువ దిగులు. ఏడాది చివర సంస్థలో వీడ్కోలు సభ. ఆ తర్వాత కొత్త మొక్కలూ లేవు, కొత్త పేర్లూ లేవు. ఈ పేము అచ్చులోకి వస్తే ఆలోపే రావాలి.

దాని మీద వ్యాసం రాయడం మొదలుపెట్టాడు. మొదటి వాక్యానికే నాలుగు రోజులు పట్టింది. కిందా మీదా పడి పూర్తిచేసి మొక్కల శాస్త్ర పత్రికకు పంపితే, "పండు ఏది?" అని తిప్పి పంపారు.

"స్నేహితుడికి ఒంట్లో బాలేదట, చూసొస్తా," అని ఇంట్లో చెప్పి మళ్ళీ కొండెక్కాడు. పండ్లు తెచ్చాడు, జలగల్నీ తెచ్చుకున్నాడు. ఈసారి, "పండు మీది పొలుసులు ఎన్ని వరుసలు?" అని మళ్ళీ తిప్పికొట్టారు. లెక్కపెడితే ఓసారి పద్దెనిమిది, ఓసారి పంతొమ్మిది. కళ్ళు లాగేదాకా లెక్కపెట్టి పద్దెనిమిది ఖాయం చేశాడు.

ఆ మధ్యలో ఒకసారి దొరికిపోబోయాడు.

"ఏమండీ, టవల్లో ఈ ముల్లేంటి?"

"వంకాయదై ఉంటుంది. కూరగాయల సంచి తగిలిందేమో."

ఆవిడ దాన్ని కిటికీ వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసింది. ఆయన మొహం చూసింది. "ఓహో, వంకాయా!" అని లోపలికి వెళ్ళిపోయింది.

వీడ్కోలు సభ రోజు వచ్చింది. పేము మాత్రం రాలేదు. వేదిక మీద ఇద్దరినీ పక్కపక్కనే కూర్చోబెట్టారు. డైరెక్టరు మైకు పట్టుకుని ఇరవై రెండు మొక్కల్నీ పేరుపేరునా పొగుడుతున్నారు. ఆయన చెవికి ఒక్క ముక్క ఎక్కడం లేదు. ఫోను చూస్తాడు, జేబులో పెడతాడు, మళ్ళీ తీస్తాడు.

"ఎవరి ఫోను కోసమండీ అంత ఆత్రం?" అంది భార్య గొంతు తగ్గించి.

అప్పుడే జిగురు బాబాయి మూడంతస్తులూ దిగి పరుగున వచ్చాడు. ఒగరుస్తూ నాలుగు కాగితాలు చేతిలో పెట్టాడు. "వచ్చేసింది బావగారూ! ఇప్పుడే వెబ్‌సైట్లో పెట్టారు!"

ఆయన ఆ కాగితాల్ని భార్య ఒళ్ళో పెట్టి, పరీక్ష రాసొచ్చిన పిల్లాడిలా తల వంచుకున్నాడు.

పైన మొక్క పేరులో తన పేరు చూసి ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. కళ్ళు తుడుచుకుంది. మళ్ళీ అద్దాలు పెట్టుకుని చివరిదాకా చదివింది.

"ముళ్ళ పొడుగు మిల్లీమీటర్లలో రాయాలండీ, సెంటీమీటర్లలో రాశారేంటి?" అని, అంతమంది ముందూ ఆయన చెయ్యి పట్టుకుని వదల్లేదు.

ఎవరు వర్ణించిన మొక్కకు వాళ్ళు తమ పేరు పెట్టుకోకూడదన్నది ఆ వృత్తిలో కట్టుబాటు కాబట్టి, ఇరవై రెండు మొక్కల్ని వర్ణించి ఆ రోజు రిటైరవుతున్న ఆవిడ కోసం, పోస్టాఫీసులో ముద్రలు కొట్టి ఎప్పుడో రిటైరైన ఆయన జీవితంలో రాసిన ఒకే ఒక్క వ్యాసం అది.