పెద్ద డాక్టరుగారి కుర్చీ

“ఇవాళ ఒక్క పేషెంటు మిమ్మల్ని అడిగినా ఈ గదిలోంచి మీ కుర్చీ తియ్యనులెండి, నాన్నగారూ!” అన్నాడు డాక్టర్ భవానీప్రసాద్.

నందిగామలో ఆ ఆసుపత్రి పెట్టిన జగన్నాథరావుగారు మధ్యాహ్నందాకా ఎదురుచూశారు.

జ్వరంతో మూలుగుతున్న మనవణ్ణి భుజాన వేసుకుని పీరాంబీ వచ్చింది.

“పెద్ద డాక్టరుగారున్నారా?”

ఆయన గర్వంగా కొడుకువైపు చూశారు.

“రా పీరాంబీ, కూర్చో.”

“నా దగ్గుకి మీ ఎర్రమందే పడుద్దండీ. ఇంకెవరిదీ పడదు.”

వణికే చేతులతో సీసా నింపి ఇచ్చి, ఆయన పిల్లవాడి నాడి చూడబోయారు. పీరాంబీ గబుక్కున వెనక్కి జరిగింది.

“వీణ్ణి చిన్న డాక్టరుగారికి చూపిస్తానండీ. ఒక్కగానొక్క మనవడు.”

భవానీప్రసాద్ నవ్వాడు. “అడిగిందిగా. కుర్చీ ఉంచుకోండి, నాన్నగారూ!”

జగన్నాథరావుగారు లేచి, రోగులు కూర్చునే వరండాలోకి ఆ కుర్చీని తనే ఈడ్చుకుపోయారు.