పొయ్యి రాజుకోని పున్నమి

ఆ పొద్దున పడమట చంద్రుడు ఇంకా దిగలేదు, తూర్పున సూర్యుడు అప్పుడే ఎక్కాడు. ఇద్దరి మధ్య మబ్బు తునక కూడా లేదు. కింద గువ్వలబురుజు ఊళ్లో నరమానవుడు లేడు, అయ్యన్న తప్ప.

మాఘ పున్నమికి ఆ ఊరిది ఒక ఆనవాయితీ. చీకటితోనే పొయ్యిలార్పి, గొడ్డూగోదా తోలుకుని, కోళ్లను గంపల్లో వేసుకుని, ముసలీముతకా అంతా మైలు దూరంలోని దర్గాకు పోతారు. అక్కడే వండుకుంటారు. పొద్దుగూకాకే తిరిగొస్తారు. అంతవరకు ఊళ్లో అగ్గి పుట్టకూడదు, తలుపుకు తాళం పడకూడదు. ఎప్పుడో ఊరు కాలిపోతే ఒక ఫకీరు చెప్పిపోయిన మాట అంటారు.

అయ్యన్న మూడో ఇల్లు చూసుకుని వీధిలోకి వచ్చేసరికి ఎదురుగా రెండు సైకిళ్లు.

మామూలువి కావు. లావు చక్రాలు, పొట్టేలు కొమ్ముల్లా వంగిన హ్యాండిళ్లు. ఒకదాని మీద భూపేష్, ఇంకోదాని మీద మధులత. ఇద్దరూ కర్నూల్లో ఒకే కాలేజీలో పాఠాలు చెబుతారు. తారురోడ్డు ఎక్కకుండా కంకర దారుల్లోనే, దోవలో కనిపించిన బురుజునల్లా చూసుకుంటూ, సిద్ధవటం కోటకు పోతున్నారు.

"ఏం పెద్దాయనా, ఊరు ఇట్ల ఖాళీగా ఉండాదే? ఎప్పుడు పాడుపడింది?" అన్నాడు భూపేష్.

"ఈ పొద్దు తెల్లారుజామున," అన్నాడు అయ్యన్న.

సంగతంతా చెప్పాక భూపేష్ తల ఊపాడు. "అయితే నీవు కాపలా అన్నమాట."

అయ్యన్న కాస్త ఆలోచించి తానూ తల ఊపాడు.

వీళ్లను తొందరగా సాగనంపాలి. దర్గా మిట్ట మీద ఉంది. అక్కడి నుంచి ఎవరి కంట పడినా కొంప మునుగుతుంది. కానీ వీళ్లు కదిలే రకంలా లేరు.

"ఈ బురుజు ఎవరు కట్టించినారు?" వీధి చివర నిలబడ్డ పాత బురుజును చూపిస్తూ మధులత అడిగింది.

"రాజు."

"ఏ రాజు?"

"కరువు రాజు. పైకెక్కి వానొస్తాదేమోనని చూసేటోడు."

"వచ్చిందా?"

"ఇంగా చూస్తానే ఉండాం గదమ్మా."

మధులత దాన్ని పుస్తకంలో రాసుకుంది.

ఇళ్లు ఎవరివని అడిగితే అయ్యన్న పేర్లు చెప్పలేదు. "ఇది ఇత్తడి బిందెలోళ్లది. అది కొత్త మిక్సీ వాళ్లది. ఈ ఇంట్లో పోయినేడు పెద్ద టీవీ ఉండె."

"ఇప్పుడు లేదా?"

"అమ్ముడుపోయినాది."

"చూసినావా మధూ? మన పక్కింట్లో ఏముందో మనం చెప్పగలమా?" అని భూపేష్ మురిసిపోయి ఫోన్ ఎత్తాడు. అయ్యన్న తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"ఈ దినం ఫోటో పట్టగూడదప్పా. ఆనవాయితీ."

ఎట్లాగో బయల్దేరదీశాడు. నాలుగడుగులు పోలేదు, భూపేష్ సైకిలు వెనక చక్రం బుస్సుమంది. కంపముల్లు. గాలిపంపు ఉంది, అతుకు ఉంది. టైరు ఊడదీసే ప్లాస్టిక్ పుల్ల మాత్రం పుటుక్కున విరిగింది.

అయ్యన్న మిట్టవైపు ఒకసారి చూసి, తన గోనెసంచిలో చేయి పెట్టాడు. సన్న ఇనుపకడ్డీ, పటకార, రెండు స్క్రూడ్రైవర్లు తీశాడు.

"కాపలాకు ఇన్ని సామాన్లా?" అంది మధులత.

"ఊరన్నాక ఏదో ఒకటి ఊడదీయాల్సి వస్తానే ఉంటాది తల్లీ."

పది నిమిషాల్లో చక్రం నిలబడింది. అంతలో దర్గా దగ్గర మోగుతున్న పలక డప్పులు ఆగిపోయాయి. అయ్యన్న సంచి హ్యాండిల్‌కు తగిలించి సైకిలెక్కాడు.

"ఊరి చివర్దాకా ఒకతూరి తొక్కి చూస్తా. గట్టిగుందో లేదో."

"ఆగన్నా!" మధులత పరుగున వచ్చి భూపేష్ హెల్మెట్ తీసి ఆయన నెత్తిన పెట్టింది. "ఇది లేకుండా ఎక్కితే మా ఆనవాయితీ ఒప్పుకోదు."

అయ్యన్న తొక్కాడు. సైకిలు గాలిలా పోయింది. ఊరి చివర మలుపు తిరిగేసరికి దారికి అడ్డంగా ఇరవైమంది. ముందర చేతికర్రతో, దర్గా బాగోగులు చూసే ముజావరు బుడేన్ సాహెబ్. మిట్ట మీద నుంచి చూసి దిగి వచ్చారు.

"ఎవురప్పా నీవు? ఈ దినం ఈ ఊళ్లో కాలు పెడతావా?"

అయ్యన్న సైకిలు ఆపి ఒక కాలు కింద ఆనించాడు. వెనక నుంచి భూపేష్, మధులత రొప్పుతూ వచ్చారు.

"తెలీక వచ్చినాం తాతా," అంది మధులత. "పంచరైంది. ఈయన లేకుంటే ఈడనే పడుండేవాళ్లం."

బుడేన్ సాహెబ్ ముగ్గురినీ ఎగాదిగా చూశాడు. కర్ర దించాడు.

"వచ్చింది తప్పే. కానీ ఈ దినం ఎవరినీ ఆకలితో పంపగూడదు. అదీ ఆనవాయితీనే. నడండి. ఏమప్పా హెల్మెట్టూ, నీకే చెప్పేది. దిగు."

"నాకు శానా పనుండాది సామీ..."

"దర్గా కాడ పెట్టే కందూరు కూడు కాదని పోతావా?" పెద్దక్క అనే ముసలామె హ్యాండిల్ పట్టుకుంది. "నీ సంచి నేను మోస్తా, రా నాయనా."

"వద్దు తల్లీ!" అని అయ్యన్న సంచి చంకనెత్తుకున్నాడు.

దర్గా ముందు చాపల మీద ఊరంతా వరసగా కూర్చుంది. సంకటి ముద్దలు, పొట్టేలు కూర. విస్తరి ముందు కూర్చున్నాక లేచేదాకా ఎవరూ నోరు విప్పకూడదని బుడేన్ సాహెబ్ వేలు పెదవుల మీద పెట్టి చూపించాడు. ఆయనకు అడగాల్సినవి ఉన్నాయి, భూపేష్‌కూ ఉన్నాయి. అన్నీ నోళ్లలోనే ఉండిపోయాయి. ఒకవైపు నుంచి మధులత ఉల్లిపాయ ముక్క జరిపింది. ఇంకోవైపు నుంచి పెద్దక్క మరో గరిటె కూర వేసింది. అయ్యన్న మోకాలి కింద సంచి నొక్కిపెట్టుకుని, ఎదుటి వరసలోని మొహాలను ఈ కొస నుంచి ఆ కొసకు చూశాడు.

సైకిళ్లవాళ్లు ఊరి కాపలా అనుకున్న, ఊరివాళ్లు సైకిళ్లవాళ్ల మనిషి అనుకున్న అయ్యన్న, ఐదేళ్లుగా ఏటా ఈ ఒక్కనాడే వచ్చి తాను ఊడ్చుకుపోతున్న ఇళ్లవాళ్లు ఎట్లా ఉంటారో మొట్టమొదటిసారి చూస్తూ ముద్ద మింగాడు.