మిగిలిన రంగు

"స్టీలు గిన్నెల కలపకు తమ్మీ, రంగు కరాబైతది," అంది అక్క అంజవ్వ.

మార్కండేయ గిన్నె కింద పెట్టాడు. "మరి ఆమె దేంట్ల కలుపుతది?"

"పింగాణి కప్పుల. బాత్రూం గూట్లె ఉంటది. నీకు ఎర్కలేదా?"

ఎరుక లేదు. పదేళ్లుగా నెలకోసారి తలకు రంగు వేయించుకుంటూ, ఆ రంగు ఏ కప్పులో తయారవుతుందో చూడని మహానుభావుడతను. బోధన్ షుగర్ ఫ్యాక్టరీలో చెరుకు బండ్లు తూచే కాటా దగ్గర గుమాస్తా. అక్కడ కిలో తేడా వచ్చినా ఊరుకోడు. ఇంట్లో మాత్రం భార్య గోదావరి క్రీము ఎంత పిండుతుందో, డెవలపర్ ఎంత పోస్తుందో ఏనాడూ అడగలేదు. పేపరు చదువుకుంటూ తల వంచితే చాలు, పని జరిగిపోయేది. క్రషింగ్ సీజన్లో అతను సెలవు పెట్టడం కూడా ఇదే మొదలు.

కప్పు దొరికింది. చెవి విరిగిపోయింది, లోపలంతా నల్లటి చారలు. అందులోనే ఒక పాత టూత్‌బ్రష్.

గోదావరి తల అంజవ్వ ఒళ్లో ఉంది. విప్పిన జుట్టు చాప మీద పరుచుకుంది. పాపిట నుంచి చెవుల దాకా తెలుపే.

"రెండూ సమానం పోయాలె," అంది అంజవ్వ.

అతను కలిపాడు. ఘాటుకు కళ్లు మండాయి. ఇంత ఘాటుగా ఉంటుందని గోదావరి ఒక్కనాడూ చెప్పలేదు.

"ముందుగాల చెవెన్క సుక్క పెట్టి రెండు రోజులు ఆగాలని డబ్బా మీద రాసిన్రు అక్కా."

"రెండొద్దులా?" అంజవ్వ తలుపు వైపు చూసింది. "అది ఇడిశిపెట్టు. లక్ష్మీరాజం రుద్రూర్ల బస్సెక్కిండంట. గంటల వస్తడు."

లక్ష్మీరాజం గోదావరికి అన్న. చెల్లెలికి చీర తెస్తున్నాడు. పుట్టింటి చీర వచ్చాకే మిగతావన్నీ. పసుపు, కుంకుమ, పూలు అప్పటికే పళ్లెంలో సర్ది ఉన్నాయి. బయట నీళ్లు కాగుతున్నాయి. వాకిలి నిండా జనం.

"ఆడోళ్లు చేసే పని నువ్వు చేస్తున్నవ్. బయట గుసగుసలు పెడుతున్నరు."

"పెట్టనీ."

మొదటి గీతే వంకరపోయి నుదుటి మీద పడింది. భుజం మీది తువ్వాలతో తుడిచాడు. "సల్లగున్నదా?" అని అడిగాడు.

గోదావరి జవాబివ్వలేదు. ఎదురు మాట్లాడే అలవాటు ఆమెకు ఎప్పుడుంది గనక!

రెండేళ్ల కింద అంజవ్వ మనవణ్ణి తొట్టెల్లో వేసిన పండుగ నాడు కూడా ఇలాగే ఊరుకుంది. ఆ పొద్దున భర్త తలకు వేయగా మిగిలిన రంగు పారబోయడమెందుకని తన కణతలకు రాసుకుంది. అది చూసి మార్కండేయ చుట్టాలందరి ముందు, "ముసల్దానికి ముస్తాబు! ఎవరి కోసమే?" అన్నాడు. ఇల్లంతా గొల్లుమంది. ఆమె గబగబా వెళ్లి కడిగేసుకుంది. సగం పట్టిన రంగు మూడు నెలలు ఎర్రగా ఉండిపోయింది. అది కనబడినప్పుడల్లా అతను మళ్లీ నవ్వాడు. ఆ తర్వాత మిగిలిన రంగు మోరీలోకే పోయింది.

"ఆనాడు నేను గూడ నవ్విన తమ్మీ," అంది అంజవ్వ. "అందరి కంటె గట్టిగ నవ్విన."

అతను తలెత్తలేదు. బ్రష్ ఆపలేదు.

"ఎవరి కోసమో నాకు తర్వాత చెప్పింది. రాఖీ పున్నానికి రుద్రూర్ పోతే, 'ఈమె మీ అక్కనా?' అని ఎవరో లక్ష్మీరాజాన్ని అడిగిన్రంట. అన్న కన్న మూడేండ్లు చిన్నదాయె. మల్ల యేడు రాఖీకి రంగు పెట్టుకొని పోదామనుకున్నది. మనం నవ్వినంక ఇగ పోలే. రాఖీ పోస్టుల పంపింది."

"నాకెందుకు చెప్పలే?"

"మల్ల నవ్వుతవని."

పోయిన ఆదివారం ఆమె వేసిన రంగు అతని తల మీద నిగనిగలాడుతోంది. ఆ తల ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియలేదు. సిగ్గేసింది. ముప్పై ఏళ్ల కాపురంలో భార్య ముందు సిగ్గుపడటం ఇదే మొదలు.

"అరగంటైంది. కడుగుదామా?" అంది అంజవ్వ.

"ఇంకో పది నిమిషాలు. సలికి సరిగ పట్టదేమో."

పది నిమిషాలయ్యాక ఆడవాళ్లు అతన్ని బయటికి పంపారు. ఇంతలో లక్ష్మీరాజం వచ్చాడు. అతని జుట్టు ఇప్పటికీ కాకి నలుపే. పేపర్లో చుట్టిన ఆకుపచ్చ చీర లోపలికి అందించి, బావ పక్కన నిలబడ్డాడు.

లోపలికి పిలిచేసరికి గోదావరి ముఖానికి పసుపు, రూపాయంత బొట్టు, తల నిండా పూలు. జుట్టులో ఒక్క తెల్ల వెంట్రుక లేదు.

"పెండ్లినాడు గిట్లనే ఉండె నా చెల్లె," అన్నాడు లక్ష్మీరాజం.

రంగు వేసిన ప్రతిసారీ ఆమె మేకుకు వేలాడే చిన్న అద్దం తీసి అతని ముందు పట్టేది. "సూడుండ్రి, మంచిగైందా?" అనేది. అతను ఒక్కసారీ బాగుందని అనలేదు. ఇప్పుడు ఆ అద్దం తీసి, ఆమె పక్కన కూర్చుని, ముఖం ముందు పట్టాడు.

"సూడు గోదావరీ. మంచిగైందా?"

చాలాసేపు అలాగే పట్టుకున్నాడు. లక్ష్మీరాజం వంగి, అతని చేతిలోంచి అద్దం మెల్లగా తీసుకున్నాడు.

"ఇగ లే బావా."

బయట పాడె సిద్ధమైంది.