నలభై అడుగులు

ఆ పొద్దున ఎమ్మిగనూరు మీద మబ్బు కమ్ముకునే ఉంది గాని ఒక్క చుక్కా రాల్చలేదు. టూరింగ్ టాకీసు ఆపరేటర్ భీమప్ప, డేరా వెనకున్న తన ఇంటి అరుగు మీద రీలు తుడుస్తున్నాడు. కోదండరామి రేకుపెట్టెతో వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"మామా, ఈ బస్సుకే మద్రాసు పోతాండా. ఎద్దులమ్మేసినా."

భీమప్ప చెయ్యి ఆగింది. "ఎద్దులమ్ముకోని యాడ దున్నుతావప్పా, సముద్రంలోనా?"

"సినిమా తీసేది నేర్చుకుంటా. ఈ బొమ్మ తొమ్మిదిసార్లు చూసినా. కొడుకు రాడని తెలిసీ తల్లి కంచం పెడతాది. వాకిలి వైపు చూస్తాది. టక్కున తెల్లారతాది, కంచంలో అన్నం అట్లే ఉంటాది. ఏడుపు లేదు, పాట లేదు. ఆ డైరెక్టరు ఎంత మొగోడు మామా. అట్లాంటిది ఒక్కటి తీస్తే చాలు నాకు."

భీమప్పకు ఆ ఎద్దుల పలుపు తనే విప్పి ఇచ్చినట్టయింది. లేచి లోపలికి వెళ్లి తగరపు డబ్బీ తెచ్చాడు. అందులోంచి చిన్న ఫిల్ము చుట్ట తీసి అతని చేతిలో పెట్టాడు.

"ఎత్తి చూడు."

కోదండరామి వెలుతురుకు ఎత్తి చూశాడు. ఆ తల్లే, గుండెలు బాదుకుంటోంది. ప్రతి గడిలోనూ తెరిచిన అదే నోరు.

"నలభై అడుగుల ఏడుపు. డైరెక్టరు తీసిందే. కత్తిరించి అతికించినోన్ని నేను. రీలు కాలిందని ఓనరుకు అబద్ధం చెప్పినా."

కోదండరామి మొహం పాలిపోయింది. "ఇన్ని దినాలూ చెప్పకపోతివే?"

"నువ్వు పొగుడుతాంటే నోరు రాలే. తప్పు నాది. పా, ఎద్దులు కొన్నోని కాళ్లు నేను పట్టుకుంటా."

"ఎందుకు కత్తిరిస్తివి మామా?"

భీమప్ప డేరా మీది లౌడుస్పీకరు వైపు చూశాడు. అది ఇంటి మీదికే తిరిగి ఉంది. ఆటలో ప్రతి మాటా ఇంట్లోకి వినబడుతుంది.

లోపలినుంచి అతని భార్య మారెక్క పిలిచింది. "రామీ, నువ్వూ రాప్పా. ఊరికి పోయేటోడు ఉత్త కడుపుతో పోకూడదు."

జొన్నరొట్టె, వేరుశెనగ బుడ్డల చట్నీ పెట్టి ఆమె కూడా కూర్చుంది. ముగ్గురూ తింటున్నారు. బస్సు హారను వినిపించినా కోదండరామి లేవలేదు.

వాకిలికెదురుగా నాలుగో కంచంలో, నిరుడు కాలువలో పోయిన కొడుక్కి మారెక్క వడ్డించిన రొట్టె చల్లారుతోంది.